వంతుపూజనాటి నీళ్లు

ఐర్లండులో లీట్రిమ్ కొండల కింద ఆ నాలుగు ఇళ్లకూ బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్ల సంగతి చెప్పకండి! తెల్లచొక్కా ఉతికితే తుప్పురంగు తేలుతుంది, టీ పెడితే సిరా అవుతుంది. అందుకే ప్రతి ఇంటి వెనక షెడ్డులో గోడకు నీలం డబ్బాలు, వాటిలో ఫిల్టరు క్యాండిళ్లు. మురికి పట్టినప్పుడల్లా ఎవరివి వారే మార్చుకోవాలి. ఎవరివి వారే అన్నది మాటకు మాత్రమే. అందరికీ మార్చిపెట్టేది మాలకీ.

మాలకీ ప్లంబరు కాదు. పాలకేంద్రం లారీ తోలి తోలి రిటైరైన మనిషి. తన ఇంటి డబ్బా ఒకసారి విప్పి చూశాడు, అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. "మాలకీ, నీళ్లు సన్నబడ్డాయయ్యా" అని ఎవరైనా అంటే చాలు, కంచంలో బంగాళాదుంపలు అలాగే వదిలేసి పానా పట్టుకుని బయల్దేరేవాడు. పని అయ్యాక ఆ ఇంటివాళ్లిచ్చిన టీ తాగి, "అబ్బ, ఏం నీళ్లు!" అని తన పనిని తానే మెచ్చుకుని మరీ వచ్చేవాడు. పెళ్లాం డింప్నా ఊరికే దెప్పేది. "ఊళ్లో వాళ్ల టీలు తాగి తాగి నా టీ నీకు చేదైపోయింది" అని.

ఈ మధ్య ఆ దెప్పడం మానేసింది. ఒక పొద్దున మాలకీ కారు తీసుకుని వెళ్లి, ఏనాడో మూతపడ్డ పాలకేంద్రం గేటు ముందు ఆపి, తలుపు తియ్యమని హారన్ కొడుతూ కూర్చున్నాడు. డింప్నాయే వెళ్లి బతిమాలి తెచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. వయసు మీద పడ్డాక మతిమరుపు రాదా, అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కానీ లోపల ఒకటే గుబులు. ఊరికి తెలిస్తే ఇక ఎవరూ మాలకీని పిలవరు. పిలిచేవాళ్లు లేని రోజు ఆ మనిషి బతికుండీ లేనట్టే. అది ఆమెకు బాగా తెలుసు.

ఇంతలో వాళ్లింటికి వంతుపూజ వచ్చిపడింది. చర్చి ఫాదర్ ఏడాదికో ఇంట్లో పూజ చేస్తారు, చుట్టుపక్కల వాళ్లంతా వస్తారు, పూజ కాగానే టీ, హామ్ మాంసం ముక్కలు, రొట్టెలు. వంతు వచ్చిన ఇల్లు పెళ్లివారిల్లే. గోడలకు సున్నం, కిటికీలకు రంగు, గేటుకు కొత్త గొళ్లెం. మాలకీ ఇంట్లోనైతే వాటన్నిటికీ ముందు కొత్త క్యాండిలు. పూజనాటి పొద్దున్నే పానా తీశాడు.

"ఈసారికి నేను మారుస్తాను, నువ్వు గడ్డం గీసుకో" అంది డింప్నా.

"నువ్వా? డబ్బా పగలగొట్టడానికా? వెళ్లి నీ రొట్టెలు చూసుకో తల్లీ!" అని నవ్వి షెడ్డులోకి పోయాడు. ఈల వేస్తూ తిరిగొచ్చాడు. ఆ ఈల విని డింప్నా గుండె కుదుటపడింది. ఏం ఆశో ఏమో, పిచ్చిది.

సాయంత్రం పూజ చక్కగా జరిగింది. ఫాదర్ దీవించి కూర్చున్నారు. పక్కింటి రోజ్‌లీన్ కెటిల్ పట్టుకుని కొళాయి తిప్పింది. ముందు కాసిని నీళ్లొచ్చాయి, తర్వాత దారం, ఆ తర్వాత చుక్కలు.

"చోద్యం కాకపోతే! ఊరందరికీ నీళ్లిచ్చే మొనగాడి ఇంట్లో కెటిల్‌కి నీళ్లు లేవా?" అంది రోజ్‌లీన్. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అందరూ గొల్లుమన్నారు. మాలకీ నవ్వలేదు. పానా తీసుకుని షెడ్డుకు నడిచాడు. డింప్నా వెనకాలే పరిగెత్తింది, ఆమె వెనక రోజ్‌లీన్.

నీళ్లు కట్టేశాడు, ఒత్తిడి వదిలాడు, డబ్బా విప్పాడు. లోపల క్యాండిలు తళతళలాడుతోంది. కొట్లోంచి తెచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు ఒంటినిండా అలాగే ఉంది.



"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?" అన్నాడు మాలకీ, కవరును గోటితో గీకుతూ. "కవరు తియ్యకుండా పెడితే నీళ్లెలా దూరతాయి? పసిపిల్లలకైనా తెలుస్తుందే!"

"నేనే" అంది డింప్నా. "నేనే పెట్టాను."

పొద్దున మాలకీ పానాతో షెడ్డులోకి వెళ్లడం రోజ్‌లీన్ తన వాకిట్లోంచి చూసింది. ఆమె డింప్నా మొహంలోకి చూసింది. ఎన్నడూ మూతపడని ఆ నోరు మూతపడింది. ఇక దాచేందుకు ఏం మిగిలిందని?

మాలకీ చేతులు మాత్రం ఏదీ మరిచిపోలేదు. కవరు చించాడు, రబ్బరు రింగు తుడిచి కొంచెం గ్రీజు రాశాడు, డబ్బా చేత్తో బిగించి పానాతో కాస్త తిప్పాడు, నీళ్లు మెల్లగా వదిలాడు. వంటింట్లోంచి ఎవరో "వచ్చాయి, వచ్చాయి!" అని అరిచారు. అతను రుమాలుతో చేతులు తుడుచుకుంటూ పెరటి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. డింప్నా కళ్లనిండా నీళ్లు చూసి జాలిపడ్డాడు.

"అయ్యో, దీనికే ఏడుస్తారామ్మా? అందరూ చేసే పొరపాటే. మీ ఆయనకు నేను చెప్పనులెండి."

డింప్నా గుమ్మం పట్టుకుంది. "టీ తాగి వెళ్దురుగాని, లోపలికి రండి" అంది.

"ఇవాళ వద్దండీ, పొద్దుపోయింది. నేను వెళ్లందే మా డింప్నా ముద్ద ముట్టదు. దానికి నోరు ఎక్కువే గానీ, నేను కాస్త ఆలస్యమైతే చాలు, కిటికీ వదలదు."

అలా అని టోపీ పెట్టుకుని గేటువైపు తిరిగాడు. రోజ్‌లీన్ తన ఏప్రాన్ అంచుతో మొహం కప్పుకుంది. డింప్నా మెట్లు దిగి వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది, పరాయి మనిషి చెయ్యి పట్టుకున్నంత మర్యాదగా.

"ఆవిడ ఎక్కడికీ పోదులెండి" అంది. "ఒక్క కప్పు తాగి వెళ్లండి."