సునీతకు పెట్టిన పేరు

ఈ రోజు ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు పాఠం చెబుతుంటే, కథలో నల్లజాతి వాళ్లను కించపరిచే మాటొకటి వచ్చింది. దాన్ని పైకి చదవకుండా ఆపి, ఆ మాట వెనక ఎంత అవమానం ఉందో పిల్లలకు వివరించాను. అందరూ బుద్ధిగా విన్నారు. బాగానే చెప్పానని నాలో నేను మురిసిపోతుండగా సబీహా లేచింది.

"మేడం, మేము సునీతను చింకీ అని పిలుస్తాం. అది గూడా అట్లాంటి మాటేనా?"

సునీత వాళ్ల తాత ఎప్పుడో నేపాల్ నుంచి చిత్తూరుకు వచ్చాడు. ఆ పోలికలున్న వాళ్లను, కళ్లు చిన్నవని ఎగతాళి చేసే మాట అది. వాళ్ల నాయన బస్టాండు దగ్గర నూడుల్స్ బండి నడుపుతాడు. క్లాసంతా ఆ అమ్మాయి వైపు తిరిగింది. ఇష్టమైతేనే చెప్పమ్మా, లేకపోతే వద్దు అన్నాను.

సునీత తల దించుకునే చెప్పింది. "మొదట్లో ఏడ్సినా మేడం. పలక్కపోతే ఆటలో చేర్సుకోరని ఇప్పుడు పలకతా ఉండా."

"నేను ముద్దుపేరనుకున్నా సునీతా," అంది సబీహా.

"ముద్దుపేరైతే నన్ను అడిగి పెట్టాల గదా."

సబీహా వెళ్లి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ మాట నేనూ వరండాలో చాలాసార్లు విన్నానని, పిల్లల సరదాలే అనుకుని దాటిపోయానని అందరి ముందూ ఒప్పుకున్నాను. క్షమించమని సునీతను అడిగాను. "పర్వాలేదు మేడం" అంది. నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా పర్వాలేదనిపించడం లేదు.

మీకు బళ్లో ఇలాంటి పేరేదైనా పెట్టారా? అది విని కూడా ఊరుకున్న టీచరు మీకు గుర్తున్నారా? చెప్పండి, ఈసారి వింటాను.