ఆ దొంగ సంతకం నాదే, ఓనరమ్మా

ఓనరమ్మ పోయింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం నేను బియ్యం బస్తాలు దింపుతుంటే, ఒకప్పుడు ఆవిడ దగ్గర వంట చేసినాయన ఫోన్ చేసి చెప్పాడు. ఒహాయోలో చెల్లెలి ఇంట్లో, మేడ మీద గదిలో, నిద్రలోనే పోయిందట. ఆఖరి రెండేళ్ళూ ఆ గదిలో టీవీ తప్ప ఇంకో చప్పుడు లేదట. రోజంతా గిటార్లూ డ్రమ్ములూ మోగే చోట డెబ్బై ఏళ్ళు బతికిన మనిషికి అంతకంటే పెద్ద జబ్బు ఏముంటుంది?

సాయంత్రానికి మన తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, ఆవిడ నీకు బాగా క్లోజ్ కదా. మన పత్రికకి నాలుగు ముక్కలు రాసివ్వు. బార్ అని మాత్రం రాయకు, కల్చరల్ సెంటర్ అని రాయి. ఫ్యామిలీస్ చదువుతారు."

చదవండి. అది బారే.

నోవై ఊరు దాటి కొంచెం పడమటికి వెళితే, రైలు పట్టాల పక్కన ఎర్ర ఇటుకల భవనం ఉండేది. గుర్రబ్బళ్ళ కాలం నాటిది. ముందు గదిలో బీరు, వెనక గదిలో చెక్క స్టేజి. ఓనరమ్మ తాతగారు మొదలుపెట్టాడు, తండ్రి నడిపాడు, తర్వాత ఈవిడ. బార్ ఆవిడది, భవనం మాత్రం అద్దెది. మీలో సగంమంది ఆ స్టేజి ఎక్కినవాళ్ళే. తెలియనట్టు మొహం పెట్టకండి.

నేను మొదటిసారి వెళ్ళింది పాట కోసం కాదు. ఇండియన్ కొట్టు వ్యాన్ నడుపుతూ మంచులో ఇరుక్కుని, బాత్రూమ్ కోసం లోపలికి పరిగెత్తాను. కౌంటర్ వెనక తెల్లజుట్టు ముడివేసుకున్న పొడుగాటి ఆడమనిషి అడ్డుపడింది.

"బాత్రూమ్ కస్టమర్లకీ, మ్యుజీషియన్లకీ మాత్రమే."

"నేను మ్యుజీషియన్నే," అని కోశాను.

"అయితే వెళ్ళొచ్చి వాయించు."

తిరిగొచ్చేసరికి గ్లాసులు మోసే రేకు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. బెంచీ మీద దరువు తప్ప బడిలో ఇంకేమీ నేర్చుకోలేదు. ఆ పళ్ళెం మీద మా ఊరి జాతర డప్పు వాయించాను. ఆవిడ చివరిదాకా విని, "ఆదివారం మూడింటికి రా. పళ్ళెం నేనే ఇస్తాను" అంది.

అలా మొదలైంది. నా వెనకాల ఒకరూ, వాళ్ళ వెనకాల ఇద్దరూ, ఆన్‌సైట్ కుర్రాళ్ళూ, ఇంట్లో పాడితే పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు గోడ కొడుతున్నారని ఏడ్చే అమ్మాయిలూ వచ్చారు. ఇంట్లో భార్య పాడనివ్వని ప్రెసిడెంట్ గారు కూడా గిటారుతో వచ్చారు. మొదటి ఆదివారం ఆయన సిగ్గుపడి కుర్చీలోంచి లేవలేదు. ఓనరమ్మ వెళ్ళి మళ్ళీ అడిగితే అప్పుడు లేచారు.

అద్దె గదిలో ఉన్న రోజుల అలవాటు కొద్దీ నేను ఆవిణ్ణి ఓనరమ్మా అనేవాణ్ణి. ఒకరోజు పట్టుకుంది. "ఓనర్ అంటే తెలుసు. అమ్మ అంటే కూడా మీ కుర్రాళ్ళు చెప్పారు. ఇందులో జోక్ ఎక్కడుంది?"

"జోక్ లేదమ్మా."

"నీ నోట్లోంచి వచ్చింది కదా, ఉండే ఉంటుంది," అని నెలరోజులు నన్ను అనుమానంగానే చూసింది. అనుమానించడం న్యాయమే. అంతకుముందే గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, ఇది ఇండియాలో దొంగల అలారం అని చెప్పి ఉన్నాను. అసలు సంగతి తెలిశాక కూడా తీయలేదు. "పనిచేస్తోంది. ఇంతవరకూ ఎవడూ దొంగతనానికి రాలేదు," అనేది.

మెల్లని పాట మొదలైతే కౌంటర్ కింద వంగి బీరు ఫ్రిజ్ ప్లగ్ పీకేసేది. దాని మోటారు గుయ్యిమని శ్రుతికి అడ్డం వస్తుందని. తాగేవాళ్ళు సణిగేవాళ్ళు. "బీరు మళ్ళీ చల్లబడుతుంది, పాట మళ్ళీ రాదు" అనేది. ఎంత దరిద్రంగా పాడినా మధ్యలో ఆపనిచ్చేది కాదు. "చెడగొట్టావు సరే, పూర్తిగా చెడగొట్టు," అనేది. మన సభల్లో పాట నడుస్తుంటే మైకు లాక్కుని స్పాన్సర్‌కి శాలువా కప్పే పెద్దలకి ఈ మాట వినిపించాలని ఎప్పటినుంచో నా కోరిక. ఇప్పుడు తీరింది.

కార్ల కంపెనీలు కుదేలైన ఏడాది, భవనం యజమాని పోయాడు. కొడుకు దాన్ని అపార్ట్‌మెంట్లు కట్టేవాడికి అమ్మజూపాడు. ఒక్కటే దారి మిగిలింది. ఇది ఊరి చరిత్ర, దీన్ని కూల్చొద్దు అని ఊళ్ళో ఉంటున్న పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు తగినంతమంది సంతకాలు పెట్టి ఇస్తే సిటీ కౌన్సిల్ ఆపగలదు. పౌరసత్వం అక్కర్లేదు, ఆ ఊళ్ళో కాపురం ఉంటే చాలు. మనవాళ్ళు అద్దెకుండే అపార్ట్‌మెంట్లన్నీ ఆ ఊళ్ళోనే. ఓనరమ్మ కాగితాలు నా చేతికిచ్చి, ఒకటికి రెండుసార్లు చెప్పింది. "ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలి. గుర్తుందా?"

తల ఊపాను. నా తల ఎవరికైనా ఊగుతుంది.

పరీక్ష అట్టకి కాగితాలు బిగించుకుని తలుపులు తట్టాను. ఒక ఇంట్లో ఆయన తనది పెట్టి, భార్యది పెట్టి, తమ్ముడిది కూడా పెడుతున్నాడు. వంటింట్లోంచి ఆవిడ, "అన్నయ్యా, ఆయన పెడితే నేను పెట్టినట్టే. చేతులకి పిండి ఉంది," అంది. ఇంకో ఇంట్లో పెద్దావిడ పాపం కళ్ళజోడు వెతుక్కుంటుంటే కోడలు, "మీరెందుకు లేస్తారు అత్తయ్యా, ఈయన పెట్టేస్తారు," అని కూర్చోబెట్టింది. నాకేం తప్పనిపించలేదు. మనకి సంతకమంటే ఇంటికొకటి. రేషన్ కార్డు దగ్గర్నుంచీ అంతే కదా. వాళ్ళకి సంతకమంటే మనిషికొకటి. ఆ తేడా ఆవిడ నాకు చెప్పింది, నేను మీకు చెప్పలేదు. చెబితే పని ఆలస్యమవుతుందని.

ప్రెసిడెంట్ గారు తలుపు సగమే తీశారు. "బార్ కోసం సంతకమా? మా మావగారొచ్చి ఉన్నారయ్యా లోపల. వినాయక చవితి పందిరి కోసం అడుగు, ఎన్నంటే అన్ని పెడతా."

"ఏడాదిగా అక్కడే కదండీ పాడుతున్నారు!"

"మెల్లగా, మెల్లగా," అని తలుపేసేశారు.

నాకు ఒళ్ళు మండింది. మెట్ల మీదే కూర్చుని ఆయన సంతకం పెట్టాను. ఆయన భార్యది పెట్టాను. కసి తీరక మావగారిది కూడా, పెద్ద వంకరలు తిప్పి పెట్టాను. ఇన్నాళ్ళూ ఎవరో ఆకతాయి పని అనుకున్నారు కదూ? ఆ ఆకతాయి ఈ వ్యాసం రాస్తున్నవాడే.

కౌన్సిల్ మీటింగ్‌కి మనవాళ్ళలో వచ్చినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పిల్లలకి కూచిపూడి క్లాసట, ఇండియా కాల్ ఉందట. బిల్డర్ లాయరు మన కాగితాలు మేయర్ ముందు పరిచి, "ఈ ఇంట్లో అయిదుగురు. అయిదుగురిదీ ఒకే చెయ్యి," అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. ప్రెసిడెంట్ గారు కోటు వేసుకుని లేచారు. లాయరే పిలిపించాడు. "అది నా సంతకం కాదు. నాకు ఈ బార్‌తో ఏ సంబంధమూ లేదు," అన్నారు. నిజమే చెప్పారు, మొదటి ముక్క వరకు. తెలుగు పేర్లున్న కాగితాలన్నీ పక్కన పెట్టేశారు. నిజంగా తమ చేత్తో పెట్టినవాళ్ళవి కూడా పోయాయి. మిగిలినవి చాలలేదు.

మర్నాడు వెళ్ళాను. ఆవిడ గోడ మీద పాత పోస్టర్లు ఒక్కొక్కటే చింపకుండా ఊడదీస్తోంది. ప్రెసిడెంట్ సంతకం నేనే పెట్టానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అతన్ని రెండోసారి అడిగావా?"

"లేదు."

"అడగాల్సింది. మొదటిసారి అందరూ కాదంటారు. ఈ స్టేజి మీద పాడినవాళ్ళలో సగంమంది రెండోసారి అడిగితేనే లేచారు." అని, "ఆ మూల మేకు ఉంది, జాగ్రత్తగా తియ్యి," అంది. అంతే.

నేను మనుషుల్ని ఒక్కసారే అడుగుతాను. కాదంటే వెక్కిరిస్తాను. నలభై దాటేదాకా నన్ను ఏ పంతులూ సరిదిద్దలేకపోయిన సంగతి ఇది. ఆవిడ ఒక్క ప్రశ్నతో చూపించింది, అదీ తన బార్ పోయాక.

కూల్చేరోజు వ్యాన్ ఆపి చూద్దామని వెళ్ళాను. రోడ్డుకి అవతల ఆవిడ కారు ఉంది, అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. తట్టితే తలుపు తెరిచింది. పక్క సీట్లో కూర్చున్నాను. సారీ చెబుదామనే వెళ్ళాను. నోటి దాకా వచ్చినవన్నీ జోకులే, అందుకని నోరు మూసుకున్నాను. స్టేజి వైపు గోడ లోపలికి ఒరిగి, ఒక్కసారిగా కూలింది. ఎర్రటి దుమ్ము రోడ్డు దాటొచ్చి అద్దాన్ని పూర్తిగా కప్పేసింది. ఆవిడ వైపర్లు వేసింది. అవి పొడి అద్దం మీద కీచుమంటూ అటూ ఇటూ తిరిగాయి. కాసేపటికి అద్దం శుభ్రమైంది. అవతల రైలు పట్టాలు కనబడ్డాయి, ఇటువైపు నుంచి అంతకుముందెప్పుడూ కనబడనివి. వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆవిడ ఆపలేదు. నేనూ ఆపమనలేదు.