ఆ నూలు చిలప నాది

కనకమ్మకు, నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోవద్దు.

ఈ పొద్దు ఆత్మకూరు సంతలో దూది ఏకులు చూడగానే మన ఊరి బడి గుర్తొచ్చింది. ఉదయగిరి నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని వారమంతా తకిలి తిప్పించారు, నీకూ గుర్తుండే ఉంటుంది. వేళ్లు బొబ్బలెక్కేలా నేను వడికిన నూలు చిలపకు శనివారం అయ్యవారు నీ పేరు చీటీ కట్టాడు.

"షావుకారు బిడ్డది ముందుండాల. నువ్వు గమ్మునుండు" అన్నాడు. నువ్వు తలెత్తలేదు.

"వారమంతా ఏం చేసినావు, వట్టి చేతులు?" అని ఇన్‌స్పెక్టరు అడిగితే బొబ్బల చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆ మాట విన్న నాయన, "దీనికింక బడెందుకు?" అని మేకల వెంట పంపాడు.

నువ్వొక్క మాట చెప్పి ఉంటే ఐదో తరగతి దాకా చదివేదాన్ని. నిన్ను క్షమించలేదు.

ఇది చదివి పొయ్యిలో పెట్టు. నాకింత కోపముందని మా ఆయనకు తెలియదు.