చుప్ అంటే చెప్పు

భిలాయి శివారు రిసాలిలోని ఒక చిన్న బడిలో పసిపిల్లలకు చదువు చెప్పే పైడమ్మ తరగతిలో ‘చుప్’ అన్న మాట వినపడదు. హిందీలో నోరు మూయించడానికి ఆ ఊళ్లో ఏ బడి వరండాలోనైనా మోగుతూ ఉండే మాటే అది. గోల మితిమీరినప్పుడు ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడుతుంది. కాసేపటికి వాళ్లే సర్దుకుంటారు. ఈ పద్ధతి ఏ శిక్షణలోనూ నేర్చుకున్నది కాదు. దాని మూలం ఆమె ఎనిమిదో ఏట ఉంది.

ఆమె తండ్రి గోపాలం భిలాయి పక్కనున్న చరోదా రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. తల్లి ముందే పోవడంతో పైడమ్మను ఆమదాలవలస దగ్గరి పల్లెలో అమ్మమ్మ నూకమ్మ పెంచింది. 1972లో గోపాలం కూతురిని తన క్వార్టరుకు తెచ్చుకుని హిందీ బడిలో చేర్చాడు. ‘నామ్’ అంటే పేరని దారిలో నేర్పాడు. అంతకుమించి ఆ పిల్లకు హిందీ ముక్క రాదు.

మొదటి రోజు టీచరు నామ్ అడిగింది. “పైడమ్మ” అనగానే తరగతి గొల్లుమంది. టీచరు బల్ల చరిచి, “చుప్!” అని పిల్లలను గదమాయించింది. పైడమ్మకు అది ‘చెప్పు’ అని వినిపించింది.

“పైడమ్మ!” అని గొంతు పెంచింది.

“చుప్!”

“పైడమ్మండి! మాది ఆమదాలవలస కాడండి! మా అమ్మమ్మ పేరు నూకమ్మండి!”

“అరే, చుప్!”

“చెప్తన్నాను కదండీ! ఇంకేటి చెప్పాలండి?”

ఆ ‘చెప్’ పిల్లల చెవులకు ‘చప్పల్’, అంటే కాలి చెప్పు, అయింది. ఆనాటి నుంచి బడిలో ఆమె పేరు చప్పల్. తన తప్పేమిటో తెలియడానికి కొన్ని వారాలు పట్టింది. తెలిశాక నోరు విప్పడమే మానేసింది.

వేసవిలో అమ్మమ్మ ఊరు వెళ్లినప్పుడు, దాహమేసి అలవాటుగా ‘పానీ’ అంది. మేనమామ పిల్లలు చుట్టూ మూగారు. “ఓలమ్మో, హిందీ పిల్లొచ్చింది! ఏదీ, ఇంకోపాలి అనవే!” అని సెలవులయ్యేదాకా ఆటపట్టించారు. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే ఏమనాలో ఆ పిల్లకు తెలియకుండా పోయింది.

మిగిలిన ఆశ భిలాయి టౌన్‌షిప్‌లోని తెలుగువాళ్లు. 1975 ఉగాదికి వాళ్లు పిల్లలతో నాటకం వేయిస్తూ చరోదా పిల్లలనూ రమ్మన్నారు. నేర్పించేది ఉక్కు ప్లాంటు ఇంజనీరు రామచంద్రరావు గారి భార్య హైమవతి. రాణి వేషం ఆమె కూతురు మణిమాలది. తనకు ఒక్క మాటున్న వేషం చాలనుకుంది పైడమ్మ. వేదిక మీద తెలుగులో ఒక్క మాట చెప్పి, ఎవరూ నవ్వకపోతే, తాను వాళ్ల మనిషినైపోతానని ఆమె లెక్క.

“నాదేటండీ వేషం?” అని అడిగింది.

“ఏటి అనకూడదమ్మా” అన్నారు హైమవతి.

“మరేటనాలండి?”

పిల్లలు విరగబడి నవ్వారు. హైమవతి నవ్వలేదు కాని, ఆమెకు మూగ చెలికత్తె వేషమిచ్చారు. విసనకర్ర పట్టుకుని రాణి పక్కన నిలబడాలి. అయినా పైడమ్మ ఒక్క రిహార్సలు మానలేదు. విసురుతూ విసురుతూ రాణి మాటలన్నీ కంఠతా పట్టింది.

మణిమాల భిలాయిలోనే పుట్టింది. ఆమెకు హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. తన సంభాషణలను హిందీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టింది. నాటకం రోజున నిండు సభను చూడగానే అవన్నీ ఎగిరిపోయాయి. తెర పక్క నుంచి హైమవతి గుసగుసగా, “చెప్పు! చెప్పు!” అన్నారు. మణిమాల పెదవులు బిగించింది. తల్లి ఎంత తొందరపెడితే కూతురు అంతగా బిగుసుకుపోయింది.

గుసగుసలో అచ్చులు కరిగిపోతాయి. భయపడిన చెవి తనకు బాగా అలవాటైన మాటనే వింటుంది. ఆ పిల్ల వింటున్నది ‘చుప్’ అని సభ మొత్తంలో ఒక్క పైడమ్మకే అర్థమైంది.

రాణి మాటలు ఆమె నాలుక మీదే ఉన్నాయి. ఎన్నాళ్లుగానో కోరుకున్న అవకాశం అంతకన్నా దగ్గరగా మరెప్పుడూ రాదు. “నేనే అనేద్దునా అనిపించిందండి. కానీ అది ఆ పిల్ల మాట కదా” అని, ఈమధ్య నేను ఆమె బడికి వెళ్లినప్పుడు, ఆమె నాతో అంది.

పైడమ్మ రాణి పైట సర్దుతున్నట్టు వంగి, చెవిలో, “బోల్ దీదీ, బోల్. చుప్ నహీ” అని మాట్లాడమంటూ మొదటి మాట అందించింది. మణిమాల గొంతు విప్పింది. నాటకం సాగిపోయింది. మూగ చెలికత్తె మాట్లాడిందని సభలో ఎవరికీ తెలియదు.

తెర దించగానే హైమవతి కూతుర్ని నిలదీశారు. “అన్నిసార్లు చెప్పమంటే నోరు మూసుకుంటావేమే?”

“నువ్వే కదా మమ్మీ, చుప్ చుప్ అన్నావు!”

“ఏటీ?” అన్నారు హైమవతి.

ఆమె పుట్టిల్లు విజయనగరం. ఇన్నేళ్ల దిద్దుబాటును దాటుకుని ఆ మాట బయటపడింది. పైడమ్మ ఊరుకోలేకపోయింది.

“ఏటి అనకూడదండి.”

హైమవతి కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. పైడమ్మ అప్పుడు తన మొదటి రోజు కథ చెప్పింది. ఎవరి దగ్గరా విప్పని కథ అది. మణిమాల పొట్ట పట్టుకుని నవ్వి, “మళ్లీ చెప్పవే!” అంది. బడిలో విన్న నవ్వుకూ ఈ నవ్వుకూ తేడా పైడమ్మకు వెంటనే తెలిసింది. ఆ తర్వాత సెలవు రోజుల్లో ఆమె మణిమాలకు తెలుగు చదివిపెట్టేది. మణిమాల ఆమె హిందీ దిద్దేది. మరుసటి ఉగాదికి ఇద్దరికీ మాటలున్న వేషాలే దొరికాయి. అందులో పైడమ్మ వేషం ‘ఏటి’ అనే కాపు పిల్లది.

ఇప్పుడు, 1986లో, ఆమెకు ఇరవై రెండేళ్లు. నేను వెళ్లిన రోజున దగ్గర్లోని ఉతై ఊరి నుంచి వచ్చిన ఒకావిడ, ఛత్తీస్‌గఢీ తప్ప మరోటి రాని కొడుకుని బడిలో చేర్చడానికి తీసుకొచ్చింది. తెలుగు పేరు విని కాబోలు, “మేడమ్, ఆప్ కహా కీ హో?” అని పైడమ్మను ఏ ఊరని అడిగింది.

“చరోదా కీ” అంది పైడమ్మ. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్న జాడ ఆమె ముఖంలో లేదు.

లోపల పిల్లవాడు పేరు చెప్పాడు. వాడి యాసకు వెనక వరసలో కిసుక్కుమన్నారు. వాడు తల దించుకున్నాడు. పైడమ్మ వెనక వరస వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టింది. తర్వాత కొత్తవాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, “ఫిర్ సే బోల్ బేటా, జోర్ సే” అంది.

వాడు మళ్లీ, ఈసారి గట్టిగా చెప్పాడు.