తల మీద గురువు

హర్‌చరణ్ సింగ్ తలపాగా విప్పితే సెంగ్‌కాంగ్ నుంచి చాంగీ విమానాశ్రయం దాకా రైలు పట్టాల వెంట పరవొచ్చని అతని ఆఫీసులో తెలుగువాళ్లు కోతలు కోస్తారు. హైదరాబాద్ అత్తాపూర్‌లో పుట్టిన సర్దార్ కాబట్టి వాళ్లను అచ్చ తెలుగులోనే తిడతాడు. రోజూ స్నానం చేసి, ఫ్లాట్‌లోని చిన్న గదిలో గురు గ్రంథ్ సాహిబ్ తెరిచి, చామరం వీచి, ఒక పుట చదివాకే కోడు రాయడానికి బయల్దేరతాడు. గ్రంథమే గురువు, మనిషి గురువు మరి లేడని అతని నమ్మకం. ఊరి నుంచి వచ్చిన అత్తగారికి మాత్రం నడిచి, మాట్లాడి, దీవించే బాబాజీ కావాలి. ఆదివారం ఆయన్ని ఇంటికే దింపింది. ఏసీ ఉన్నది గ్రంథం ఉన్న గదికే కనుక, దాన్ని ఆయనకు ఖాళీ చెయ్యమంది.

హర్‌చరణ్ గ్రంథాన్ని పట్టుగుడ్డలో చుట్టి, తల మీద పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని హాల్లోకొచ్చాడు. సోఫాలో బాబాజీ. “జెర వంగు బేటా, దీవెన తీసుకో,” అంది అత్త. “గురువును మోస్తున్న, అత్తమ్మా, ఎట్ల వంగుత?” “అట్లయితె టేబుల్ మీద పెట్టి రా.” “గురువు కింద, మనుషులు కుర్చీలల్లనా? బాబాజీని నేల మీద కూసోమను, పెడత.” బయటికి పోదామంటే గుమ్మం నిండా దర్శనానికొచ్చిన జనం. లోపలికొచ్చినవాళ్లు అలవాటుకొద్దీ ముందు గ్రంథానికి మొక్కి, తర్వాతే బాబాజీ వైపు తిరిగారు. బాబాజీ సోఫా దిగలేదు, హర్‌చరణ్ గ్రంథం దించలేదు. సరిగ్గా అప్పుడే అతని ముక్కు దురద పెట్టింది.