మిస్ దిద్దుకున్న పాఠం

మా జీవశాస్త్రం మిస్ పోయారని మంగళవారం పొద్దున నేను పనికి పోయే రైల్లో ఉండగా తెలిసింది. తిరువాలంగాడు దాటుతున్నాం. ఆమె భర్త ఫోన్ చేసి, "మిస్ పోయిందమ్మా" అన్నారు. ఆయన కూడా ఆమెను మిస్ అనే పిలిచేవారు. తిరువళ్ళూరులో దిగి, ఎదురు రైలెక్కి మా ఊరు తిరుత్తణికి వెనక్కి వెళ్ళాను.

మాది తమిళనాడు కాబట్టి బడిలో తెలుగు మీడియం పిల్లలం కొద్దిమందిమే, అందులో మగ్గాల ఇళ్ళవాళ్ళమే ఎక్కువ. మా పుస్తకాలు వేళకు వచ్చేవి కావు. మిస్ తమిళ పుస్తకం ముందు పెట్టుకుని తెలుగులో నోట్సు చెప్పేవారు. "అర్థం కాకుంటే చెయ్యెత్తండి, ఊరికే తలకాయ ఊపొద్దండి" అనేవారు. ఒకసారి నేను చెయ్యెత్తి, కణం బయటికి వదిలే చిన్న తిత్తులు ఏమిటని అడిగాను. "కణం పారేసే చెత్త. పరీక్షకి రాదు" అన్నారు. నేను ఎమ్మెస్సీ దాకా చదివానంటే, ఆమె మా నాన్నతో మూడుసార్లు పోట్లాడబట్టే.

రెండేళ్ళ కిందట ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేసి, గడ్డ మొత్తం తీసేశామన్నారు. పోయిన ఏడు దగ్గు పట్టుకుని నేను పనిచేసే స్కాన్ సెంటర్‌కే వచ్చారు. రిపోర్టు టైపు చేసింది నేనే. రెండు ఊపిరితిత్తుల్లోనూ ఉంది.

"చూసినావా? ఏముంది?" అని అడిగారు.

"ఏం లేదు మిస్. డాక్టర్ చెప్తారు."

నా చెయ్యి నిమిరి వెళ్ళిపోయారు.

వారం తరవాత డాక్టర్ నోట నిజం విని, నన్ను ఇంటికి పిలిపించారు.

"అబద్ధం చెప్పినావు. సరి, పోనీ. అంతా కోసి తీసేసినారు కదా, ఇది యాడ నుంచి వచ్చింది? అది చెప్పు."

చదువుకున్నది చెప్పాను. కణాలు పొర చుట్టిన అతి చిన్న తిత్తుల్లో ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. అవి రక్తంలో పడి, దూరంగా ఉన్న కణాలను చేరి వాటి నడత మార్చేస్తాయి. క్యాన్సర్ కణాలు కూడా అంతే. తాము పోకముందే తిత్తులను పంపి, అక్కడ తమకు చోటు సిద్ధం చేసుకోగలవు. ఆపరేషన్‌కు ముందే తప్పించుకున్న కణాలు కొన్ని ఉంటే, తరవాత ఆ చోట పాతుకుంటాయి.



"అయితే నేను క్లాసులో నిలబడి పాఠం చెప్తా ఉన్నప్పుడే అవి పోయి చేరుంటాయి."

"చేరుండొచ్చు మిస్."

"వాటినే చెత్త అన్నాను నీతో."

"అప్పట్లో అందరూ అట్లే అనుకున్నారు మిస్."

"అందరితో నాకేం పని? పిల్లోళ్ళకి చెప్పింది నేను."

ఆ తరవాత పాత విద్యార్థులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో ఉన్న మా క్లాసువాడు షిఫ్టులో ఫోన్ ఎత్తితే, దగ్గు ఆపుకుంటూ, "ఆ తిత్తులు చెత్త కాదురా. నేను తప్పు చెప్పినాను, దిద్దుకో" అన్నారట. వాడికి ఆ పాఠమే గుర్తులేదు. "సరి మిస్" అని, ఫోన్ పెట్టేసి ఏడ్చానన్నాడు.

నా అబద్ధాన్ని మాత్రం ఆమె మళ్ళీ ఎత్తలేదు. మంగళవారం అందరూ వెళ్ళాక, ఆమె భర్త దగ్గర నేనే ఎత్తాను. క్షమించమన్నాను.



"నువ్వు ఏం లేదన్న వారం మేము మురుగన్ కొండకి పోయినాం, తెలుసా? మెట్లెక్కే పోదామనింది. సగంలో ఊపిరాడక కూర్చుండిపోయింది. దిగిపోదాం అంటే ఒప్పుకోలేదు. 'ఏం లేదంట కదా, రెండు నిమిషాలుంటే సరిపోతాది' అని నవ్వతా, నా భుజం పట్టుకోని లేచి, ఇంకో మెట్టెక్కింది."