బుట్ట పక్కన గొడ్డలి

మా అమ్మాయి పెళ్ళి వీడియో చూసినవాళ్ళు ఒకచోట ఆపి మరీ అడుగుతున్నారు. పెళ్ళికూతురు బుట్టలో కూర్చుని ఉంది. పంతులుగారు మైకులో మేనమామను కేకేస్తున్నారు. ఆ మేనమామా నేనూ మాత్రం చెరో సెల్‌ఫోనూ పట్టుకుని తలలు వంచుకుని ఉన్నాం. పొలం గట్టు తగువు అక్కడికక్కడే తేల్చుకున్నామని నర్సీపట్నంలో కొందరంటున్నారు. గట్టు సంగతి కాదు, గొడ్డలి సంగతి. తప్పు నాది.

బావ, అంటే మా ఆవిడ అన్నయ్య, రావికమతం దగ్గర జీడితోట చేస్తాడు. ఫోన్లో ఆడే ఆటొకటి నేనే అతనికి నేర్పాను. మనల్ని అడవిలో వదిలేస్తారు. రాయీ కర్రా నారా ఏరుకుని గొడ్డలి చేసుకోవాలి, చెట్లు కొట్టి ఇల్లు కట్టుకోవాలి. రాతి గొడ్డలి నాలుగు చెట్లకే విరిగిపోతుంది. ఇనుముది కావాలంటే గుహలో తవ్వి కొలిమిలో కరిగించాలి. నాకంత ఓపిక లేదు, బావకుంది. శుక్రవారం పచ్చని చెట్టు మీద గొడ్డలి వెయ్యనని ఆటలో కూడా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. తోడేళ్ళొచ్చి ఇద్దర్నీ తినేసేవి.

అతను కష్టపడి చేసుకున్న ఇనప గొడ్డలి నేను అడిగాను. మా వైపు కత్తీ గొడ్డలీ చేతికివ్వరు, తగువులొస్తాయని. కింద పెడితే అవతలి మనిషి తీసుకోవాలి. ఆటలో నేరుగా ఇచ్చే వీలున్నా బావ నేలమీదే పెట్టి, తీసుకోమని ఫోన్లో చెప్పాడు కూడా. అప్పుడే వీధిలోకి పునుగుల బండి వచ్చింది. తినొచ్చేసరికి గొడ్డలి లేదు. ఆ ఆటలో నేలమీద వదిలేసిన వస్తువు కాసేపటికి మాయమైపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు.

తెలిసీ, నువ్వసలు పెట్టనే లేదన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక బారసాలలో చుట్టాలందరి ముందూ, ఉత్తుత్తి గొడ్డలి కూడా దాచుకునే మనిషని చెప్పి నవ్వించాను. బావ సగం భోజనంలో లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. శుభలేఖ ఇవ్వడానికెళితే నా మొహం చూడలేదు. బుట్ట ఎవరు మోస్తారో మీ ఆయన్నే అడుగు అన్నాడు చెల్లెలితో. ఆవిడకి ఉన్నది ఒక్కడే అన్న. దారంతా ఏడుస్తూనే వచ్చింది.

ఆ రోజు నుంచి నా ఎలక్ట్రికల్ షాపుకి ఫ్యాను రిపేరుకొచ్చినవాళ్ళను రేపు రమ్మని పంపేసి, నేను ఇనుము తవ్వాను.

పెళ్ళికి బావ వచ్చాడు గానీ వెనక వరసలో కూర్చున్నాడు. నేనెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"గొడ్డలి నువ్వు పెట్టేవు బావా. పునుగులకి నేనే పోయేను. నీమీద అబద్ధం సెప్పేను."

బారసాలలో నవ్వినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఏ గొడ్డలి, ఎవర్ని కొట్టేరు అని ఒక పెద్దాయన కంగారుపడ్డాడు.

బావ లేచి బుట్ట దాకా వచ్చాడు. ఫోను తీశాడు. నేను చేసిన గొడ్డలి ఆటలో అతని ముందు నేలమీద పెట్టాను.

"బేగి తీసుకో బావా, మాయమైపోద్ది."

తీసుకోలేదు. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. మైకులో పంతులుగారి గొంతు బొంగురుపోతోంది.

"మావయ్యా, కాళ్ళు తిమ్మిరెక్కిపోతన్నాయి" అంది అమ్మాయి బుట్టలోంచి.

అప్పుడు తీసుకున్నాడు. పక్కనున్న చెట్టు మీద వెయ్యబోయి ఆగాడు.

"ఇయ్యాళ శుక్రవారం. రేపు కొట్టి సూస్తాను" అని ఫోను నా చేతిలో పెట్టి, బుట్ట ఎత్తాడు.